గ్రంథాన్వేషి కాలిన్ మెకంజీ

నూజివీడు మామిడితోటల సీమలో, హనుమాన్ జంక్షన్ నుండి ఈశాన్యముగా సాగు రహదారిపై ఏలూరు పట్టణమున్నది. దక్షిణదేశపు ప్రాచీన గ్రంథములను ప్రోగుచేసి ప్రసిద్ధికెక్కిన కర్నల్ కాలిన్ మెకంజీ చరిత్రకు, ఈ పట్టణమునకు గాఢమైన సంబంధము కలదు.

మెకంజీ 1754లో స్కాట్లండు దేశమునకు చేరిన లూయిస్ ద్వీపమున, స్టోర్నవే రేవుపట్టణములో జన్మించెను. ఆయనకు గణితమన్న మిక్కిలి ఆసక్తి. ఆ దేశీయుడే యైన జాన్ నేపియర్ 1614లో సంవర్గమానములను లోకమునకు వెల్లడించెను. పెద్దసంఖ్యల గుణకారమును సంకలనముగా మార్చు ఈ పద్ధతి, గ్రహగతులను లెక్కించు ఖగోళవేత్తల శ్రమను ఎంతయో తగ్గించెను. నేపియర్ వంశమునకు చెందిన ప్రభువొకడు ఆయన జీవితచరిత్రను వ్రాయబూని, ప్రాచీన హిందువులకు ఇట్టి గణితము తెలియునా యని విచారింపసాగెను. మెకంజీ ఆయనకు తోడ్పడెను. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మదరాసు వచ్చిన పిదప, మధురకు పోయి అచ్చటి పండితులను కలిసికొనెను. నాటినుండి ప్రాచీన గ్రంథములను సేకరింపవలెనను కోరిక ఆయన మనసున నాటుకొనెను.

కాని కోరిక తీరు మార్గము కనబడలేదు. గ్రంథములు తాళపత్రములపై నుండెను. తేమయు, చెదలును వానిని తినివేయుచుండెను. పాతప్రతి శిథిలము కాకమునుపే క్రొత్తప్రతి వ్రాయించినగాని ఆ విద్య నిలువదు. మెకంజీకి దేశభాషలు రావు. యుద్ధములతోను, భూముల కొలతలతోను పదమూడేండ్లు గడచిపోయెను.

1796 ప్రాంతమున కావలి వెంకట బొర్రయ్య ఆయన కొలువున చేరెను. 1776లో ఏలూరున జన్మించి, మచిలీపట్నమున ఇంగ్లీషు నేర్చిన ఈ యువకుడు బహుభాషావేత్త. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన తరువాత మెకంజీ మైసూరు దేశమును కొలిపింపసాగెను. బొర్రయ్య వెంటనుండి కరణములను, అర్చకులను, పండితులను వారి భాషలోనే పలుకరించి గ్రంథములను, స్థలచరిత్రలను సంపాదించెను. చదువుట కష్టమైన హళగన్నడ శాసనములను చదివెను. ఇతరులకు ఆ పని నేర్పెను. కాని 1803లో, ఇరువదియేడేండ్ల ప్రాయముననే ఆయన మరణించెను. హిందువుల విజ్ఞానమునకు తనకు ద్వారము తెరచినవాడు బొర్రయ్యయే యని మెకంజీ దాపరికము లేక ఒప్పుకొనెను.

అన్న విడిచిన పనిని తమ్ముడు లక్ష్మయ్య చేపట్టెను. మెకంజీ 1815లో భారతదేశమునకు మొట్టమొదటి సర్వేయరు జనరలు అయ్యెను. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. ఆయన సేకరణమును కంపెనీవారు పదివేల పౌనులకు కొనిరి. హోరేస్ విల్సను 1828లో ప్రకటించిన పట్టికలో 1,568 గ్రంథములు, 8,076 శాసనప్రతులు, 6,218 నాణెములు లెక్కకు వచ్చెను. ఆ గ్రంథములు పదునాలుగు భాషలలోనివి.

ఈ కృషిని కొనసాగింప అనుమతి నిమ్మని లక్ష్మయ్య అర్థించెను. అంత పెద్ద కార్యమునకు ఆయన చాలడని 1836లో కలకత్తా విద్వాంసులు త్రోసిపుచ్చిరి. ఆ సంపదను చేకూర్చిన చేతులకే దానిని పెంచు అధికారము దక్కలేదు! అయినను ఆ సేకరణము నశింపలేదు. మదరాసునకు తిరిగివచ్చిన భాగము నేటికిని అచ్చటి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున నున్నది.

1816లో థామస్ హికీ చిత్రించిన పటమున మెకంజీ ముగ్గురు భారతీయుల నడుమ నిలిచియుండును. ఒకని చేత దూరదర్శిని, వేరొకని చేత తాళపత్రము కలవు. అందు బొర్రయ్య లేడు. అప్పటికే ఆయన గతించి పదమూడేండ్లయ్యెను.

బాలబాలికలారా! మీ తాతల యిండ్ల అటకలపై పాత తాటియాకుల కట్ట యేదైన కనబడినచో, దానిని పారవేయకుడు. చదువగలవారికి చూపుడు.