ప్యారిస్‌లో జ్వరం.. అధ్యక్షుడి మెదడులో అలజడి

1919 ఏప్రిల్ 3. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ప్యారిస్‌లో శాంతి చర్చలు సాగుతున్నాయి. ఆ రోజు అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు ఉన్నట్టుండి గొంతు బొంగురుపోయింది. రాత్రికల్లా జ్వరం 103 డిగ్రీలు. ఊపిరి తీసుకోనివ్వనంత దగ్గు. ఆయన వైద్యుడు కేరీ గ్రేసన్ మొదట విషప్రయోగమేమోనని కంగారుపడ్డారు. చివరికి అది ఇన్‌ఫ్లూయెంజా అని తేలింది. అప్పటికి విల్సన్‌కు 62 ఏళ్లు.

కొద్దిరోజులకే ఆయన మళ్లీ చర్చల్లో పడ్డారు. కానీ మనిషి మారిపోయారని దగ్గరివాళ్లకు అనిపించింది. ఇంట్లోని ఫ్రెంచి పనివాళ్లంతా గూఢచారులేనని నమ్మసాగారు. కుర్చీలు, బల్లలు పోతున్నాయని ఆరాటపడేవారు. సిబ్బంది కార్లు వాడటంపై ఆంక్షలు పెట్టారు. అంతకుముందు గట్టిగా వ్యతిరేకించిన ఫ్రాన్స్ డిమాండ్లలో కొన్నింటికి ఆ నెలలోనే తలొగ్గారు. దీనికి కారణం ఫ్లూనా, చిన్నపాటి పక్షవాతమా, రాజకీయ ఒత్తిడా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఒక్క ఫ్లూ మీదే నెపం మోపటం తొందరపాటే.

అయితే ఊపిరితిత్తుల జబ్బు మెదడును కుదిపేయటం వైద్యులకు కొత్త కాదు. తీవ్ర జ్వరంలో పొంతన లేకుండా మాట్లాడటాన్ని మన పెద్దలు సంధి ప్రేలాపన అనేవారు. ఊపిరితిత్తులు వాచినప్పుడు అక్కడ పుట్టే వాపు రసాయనాలు రక్తంలో కలుస్తాయి. మెదడు రక్తనాళాలకుండే రక్షణ పొర వీటి ప్రభావంతో బలహీనపడొచ్చు. మెదడులోని రోగనిరోధక కణాలూ రెచ్చిపోతాయి. దీనికి ఆక్సిజన్ తగ్గటం తోడైతే తికమక, అనుమానాలు, భ్రమలు, మగత మొదలవుతాయి. కొవిడ్ సమయంలో చాలా కుటుంబాలు ఇది కళ్లారా చూశాయి. పెద్దవయసువారిలో న్యుమోనియా ఒక్కోసారి దగ్గు, జ్వరం పెద్దగా లేకుండా ఇలాంటి తికమకతోనే బయటపడుతుంది. కాబట్టి తాతయ్యో అమ్మమ్మో ఒక్కరోజులోనే వింతగా మాట్లాడుతుంటే వయసు మీద పడిందని సరిపెట్టుకోవద్దు. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే ఆక్సిజన్ ఎంతుందో చూడండి. అది బాగానే ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ తర్వాత కొన్ని వారాల పాటు పక్షవాతం ముప్పు కూడా ఎక్కువే. విల్సన్ విషయంలో మాత్రం రక్తపోటు, అంతకుముందే ఉన్న రక్తనాళాల జబ్బు అసలు దోషులు. 1906లోనే ఆయన ఎడమ కంటి చూపు చాలావరకు దెబ్బతింది.

జూన్ 28న వెర్సాయ్ ఒప్పందంపై సంతకం చేసి స్వదేశం చేరిన విల్సన్, దానికి మద్దతు కోరుతూ రైల్లో దేశం చుట్టబోయి సెప్టెంబరులో కుప్పకూలారు. అక్టోబరు 2న పక్షవాతంతో ఎడమవైపు చచ్చుబడింది. నెలల తరబడి భార్య ఎడిత్ అనుమతిస్తేనే ఏ కాగితమైనా ఆయన వద్దకు వెళ్లేది. ఎంత నచ్చజెప్పినా ఒప్పందంలో రాజీకి ఆయన ఒప్పుకోలేదు. సెనేట్ దాన్ని రెండుసార్లు తిరస్కరించింది. తాను కలగన్న నానాజాతి సమితిలో అమెరికా చేరకుండానే, 1924 ఫిబ్రవరి 3న విల్సన్ కన్నుమూశారు.