డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

నాందేడు పట్టణాన్ని ఒరుసుకొని పారే గోదావరి తూర్పుగా సాగి, తెలుగు నేల మీద పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ నది డెల్టాలోని భీమవరంలో 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో ఆయనకు చదువు మీద మనసు నిలవలేదు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు.

ఆయన యువకుడుగా ఉన్నప్పుడు, స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఇద్దరు సోదరులను కొద్ది రోజుల వ్యవధిలోనే బలిగొన్నది. తిన్న తిండి ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే రోగమది. ఆనాడు దానికి సరైన మందు లేదు. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు ఆ మందును వెతకడమే తన పనిగా పెట్టుకున్నారు. 1922లో అమెరికా చేరి, ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డులో చదివారు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి రూపొందించి పేరు పొందారు. 1940లో లెడర్లే పరిశోధనశాలలో చేరారు.

అప్పటికే బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు ఒక వింత గమనించారు. నూలుమిల్లులలో పనిచేసే గర్భిణుల రక్తహీనత, రొట్టెల పిండిని పొంగించే ఈస్టు సారంతో తగ్గుతున్నది. ఈస్టులో దాగిన ఆ పదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. సుబ్బారావు బృందం 1945లో దానిని ప్రయోగశాలలో తయారు చేసింది. సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధికి అది మందు అయింది. వారికి మాత్రం అది అందలేదు.

లెడర్లేలో మరొక వెతుకులాట కూడా సాగింది. అది మట్టిలో! చిటికెడు మట్టిని నీటిలో కలిపి, ఆ నీటిని పదేపదే పలుచన చేస్తారు. ఒక చుక్కను అగర్ జెల్లీ పోసిన గాజుపళ్ళెంలో పరుస్తారు. కొద్ది రోజులకు సూక్ష్మజీవులు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. వాటిని విడదీసి వేరువేరుగా పెంచి, ఏది రోగకారక బాక్టీరియాను ఎదగనీయదో పరీక్షిస్తారు. ఎన్నిటినో చూడగా ఏ ఒక్కటో పనికివస్తుంది. అది కూడా పళ్ళెంలోనే కాక పెద్ద పెద్ద తొట్లలోను పెరగాలి. లేకపోతే పరిశ్రమకు ఉపయోగపడదు.

డెబ్బై ఏళ్ళు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డుగ్గర్ ఈ పనికి పూనుకున్నారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలో, పశుగ్రాసం పెరిగిన మడి నుంచి తెచ్చిన మట్టిలో 1945లో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948లో వైద్యుల చేతికి వచ్చింది. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. పెన్సిలిన్‌కు లొంగని టైఫస్ జ్వరానికి కూడా అది పనిచేసింది. కనుగొన్నది డుగ్గరే అయినా, ఆ పరిశోధనలన్నిటికీ దారి చూపింది సుబ్బారావు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, రక్త కాన్సరుకు అమినాప్టెరిన్ కూడా ఆయన బృందం కృషి ఫలితాలే.

1948 ఆగస్టులో, 53వ ఏట ఆయన న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మురుగునీటిని శుద్ధిచేసే రాళ్ళ పొరలలో అది దొరికింది.