చూపునిచ్చిన వైద్యుడు: డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి

మన ధర్మమునందు చెప్పబడిన చతుర్విధ దానములలో ఔషధదాన మొకటి. ఉచిత నేత్రశిబిరమునకు చందా వ్రాయుట మన వర్తక కుటుంబములకు క్రొత్త పని కాదు. అయితే దానమునకు లెక్క కూడ తోడైనచో ఎంత పని జరుగునో మదురై నగరమున ఒక వైద్యుడు చేసి చూపెను.

వెంకటస్వామిగారు 1918 అక్టోబరు 1వ తేదీన తమిళనాట అయన్ వడమలాపురమను పల్లెలో, తెలుగు రైతు కుటుంబమున జన్మించిరి. బంధువుల ఆడపడుచులు ముగ్గురు కాన్పులలో మరణించుట చూచి ప్రసూతి వైద్యుడు కావలెనని నిశ్చయించుకొనిరి. 1944లో మదరాసు స్టాన్లీ వైద్యకళాశాలలో పట్టము పొంది సైన్యములో చేరిరి. అక్కడ కీళ్ళవాతము పట్టుకొన్నది. 1948లో కొలువు విడువవలసి వచ్చెను. నెలల తరబడి మంచము దిగలేదు. చేతివ్రేళ్ళు శాశ్వతముగా వంకరపోయెను. ఇక కాన్పులు చేయుట సాధ్యము కాదని తెలిసి నేత్రవైద్యము చదివిరి. ఆ వంకర వ్రేళ్ళకే కత్తి పట్టుట నేర్పి, జీవితకాలమున లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేసిరి. 1973లో పద్మశ్రీ లభించినది.

1976లో, ఏబది యెనిమిదవ యేట, సర్కారు కొలువు ముగిసెను. ఆ వయస్సుకు మనలో పలువురు కొట్టు తాళములు కొడుకుల కప్పగింతురు. ఆయన ఇల్లు తాకట్టు పెట్టి, తోబుట్టువుల సాయముతో పదకొండు పడకల అరవింద ఆసుపత్రి తెరచిరి. ఇయ్యగలవారు ఇచ్చు రుసుముతోనే ఇయ్యలేనివారికి వైద్యము. ఒకరికి ఆపరేషన్ ముగియులోపల నర్సులు ప్రక్క బల్లపై మరియొకరిని సిద్ధము చేయుదురు. వైద్యుని క్షణము వృథా కాదు. విదేశములలో నూరు డాలర్లున్న కంటి కటకమును 1992లో స్వంత కర్మాగారమున చేయ మొదలిడి, వెల పదింట ఒక వంతుకు దించిరి. బేరమెరిగిన మనకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మన గనులవారు గమనింపవలసిన సంగతి మరియొకటి గలదు. ఆపరేషన్ ఉచితమన్నను పేదలు రాకపోయిరి. విచారింపగా బస్సు ఛార్జీ, తిండి, పోయిన కూలియే అడ్డమని తేలెను. అందుచే రోగిని బస్సులో తీసికొనిపోయి, భోజనము పెట్టి, మరల ఊరు చేర్చుట కూడ ఆసుపత్రియే చేపట్టెను.

కోలారు గనులు 2001లో మూతపడినవి. కంపెనీ జీతము, కంపెనీ వైద్యము పోయిన వృద్ధులకును, బంగారుపేట, ముళబాగిలు పల్లెల కూలీలకును బెంగుళూరు ఉచితాసుపత్రి దూరమే. దారిఖర్చున్నది, వెంట పోవు కొడుకు కూలి పోవును. శిబిరమునకు మనము పందిరి, మైకు, సన్మానపు శాలువలకు పద్దు వ్రాయుదుము. బస్సుకును, నెల తరువాత మరల కన్ను చూపించుటకును పద్దు ఏది?

వెంకటస్వామిగారు వివాహమాడలేదు. 2006 జూలై 7న కాలధర్మము చెందిరి. ఆసుపత్రిని తోబుట్టువులు, వారి బిడ్డలు నడుపుకొని వచ్చుచున్నారు.