రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు

విద్యార్థులారా! తిరుమల శ్రీవారి ఆలయములో హుండీకి సమీపమున ఒక చిన్న రాతి అర కలదు. దానికి సంకీర్తన భాండాగారమని పేరు. అందు కొన్ని వందల యేండ్లు రాగిరేకులు దాగియుండెను. తాళ్ళపాక అన్నమాచార్యులును, వారి కుమారులు పెదతిరుమలాచార్యులును, మనుమలు చినతిరుమలాచార్యులును రచించిన సంకీర్తనములు ఆ రేకులపై చెక్కబడినవి. అన్నమయ్య 1408లో జన్మించి 1503లో పరమపదించెను. ఆయన ముప్పది రెండువేల పాటలు రచించెనని ప్రతీతి. నేడు దొరకుచున్నవి సుమారు పండ్రెండు వేలు.

ఇరువదవ శతాబ్దములో ఆ రేకులు వెలుగు చూచినవి. పండితులు చదివిరి, ప్రతులు వ్రాసిరి, అచ్చువేయించిరి. కాని పాడుట యెట్లు? ప్రతి పాటకును పైన రాగము పేరు మాత్రమే యున్నది. స్వరములు లేవు. తాళము పేరును లేదు. మన పేటలోని పిల్లలకు ఈ చిక్కు సులభముగా తెలియును. దుప్పటిలో నెమలిని తీయవలెనన్నచో మగ్గముపై జకార్డు నిలిపి, రంధ్రములు పొడిచిన అట్టలను వరుసగా కట్టవలెను గదా! ఆ అట్టలన్నియు పోయి, ఎఱ్ఱనూలు అని వ్రాసిన చీటి యొక్కటి మిగిలినదనుకొనుడు. ఆ చీటిని చూచి తాతగారు నేసిన నెమలిని మరల నేయగలవారెవరు?

పోనీ, ఆ రాగము పేరునైనను నమ్ముదమన్న అదియు నిలుకడగలది కాదు. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి యనునది శుద్ధస్వరముల మేళము. నేడు మనము వినుచున్న ముఖారి వేరు. పేరు నిలిచినది, రూపు మారినది. కొండమలహరి, సాళంగనాట మొదలగు రాగములను నేటి కచేరీలలో వినుటయే అరుదు.

ఈ పనికి సంగీతమొక్కటి తెలిసిన చాలదు, సాహిత్యమొక్కటి తెలిసినను చాలదు. రెండును కలిసిన మనిషి కావలసివచ్చెను. ఆ మనిషియే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు.

వారు 1893 జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామములో జన్మించిరి. తండ్రి కర్నమడకల కృష్ణమాచార్యులుగారు, తల్లి అలమేలుమంగమ్మగారు. తండ్రి పండితుడు. తల్లి పాటలు, కీర్తనలు పాడెడిది. తిరుపతి దేవేరి పేరు గల తల్లి ఒడిలో పాట విన్న బిడ్డ, వార్ధక్యములో ఆ దేవేరి పాటలనే సవరించుట నాకు ముచ్చటగా తోచును. బాల్యముననే మైసూరు చేరి, పరకాల మఠమున సంస్కృత మభ్యసించిరి.

ఆనాటి మైసూరు సంగీతమునకు పుట్టినిల్లు. వీణ శేషణ్ణ, వాసుదేవాచార్యులు, బిడారం కృష్ణప్ప మొదలగు విద్వాంసులు ఆస్థానమున నుండిరి. శర్మగారు కృష్ణప్పగారి వద్ద గాత్రము నేర్చిరి. 1912లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, కట్టమంచి రామలింగారెడ్డిగారి ప్రోత్సాహముతో మహారాజా కళాశాలలో తెలుగు పండితులైరి. 1949 వరకు అచ్చటనే పనిచేసిరి.

ముప్పదియేడేండ్లు! వీధిలో కన్నడము, కళాశాలలో కన్నడము, ఇంగ్లీషు. తమ గదిలో మాత్రము తెలుగు. బడిలో తెలుగు, బజారులో మరాఠీ పలుకు మనకు ఈ స్థితి క్రొత్త కాదు. శర్మగారు దానిని కొరతగా నెంచలేదు. కన్నడము నేర్చి, ఆ భాషలోను గ్రంథములు రచించిరి. అచ్చటనుండియే తెలుగునకు చేయవలసినదంతయు చేసిరి. ప్రాకృత గాథాసప్తశతిని తెలుగు పద్యములలోనికి తెచ్చిరి. వేమనపై 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయము పక్షమున ఉపన్యసించిరి. ఆ ఉపన్యాసముల గ్రంథము నేటికిని చదువదగినది. పై తరగతులవారు తప్పక చూడుడు.

ఉద్యోగవిరమణ తరువాత సాధారణముగా మనుష్యులు విశ్రాంతి కోరుదురు. శర్మగారు తిరుపతికి వచ్చిరి. అంతకుముందు అచ్చట తాళ్ళపాక సాహిత్యమునకై పాటుపడిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో గతించిరి. వారు విడిచిన నాగలిని శర్మగారు పట్టిరి. సంకీర్తన సంపుటములను పరిష్కరించిరి. సుమారు నూరు పాటలకు తామే స్వరరచన చేసి ప్రకటించిరి.

అదే కాలమున సముద్రములకు ఆవల ఇటువంటి ప్రయత్నమే జరుగుచుండెను. ఐరోపాలో అన్నమయ్య కాలమున పలు గొంతులు ఒకేసారి వేరువేరు వరుసలు పాడుచు కలిసిపోవు గానమొకటి వర్ధిల్లినది. 1474లో మరణించిన ద్యుఫే యనువాడు అందు ప్రసిద్ధుడు. కాలక్రమమున అదియు మూలబడినది. 1933లో బ్రస్సెల్సు నగరమున సాఫర్డ్ కేప్, 1952లో న్యూయార్కులో నోవా గ్రీన్‌బర్గ్ గాయకబృందములను కూర్చి దానిని మరల వినిపించిరి. కాని వారికొక మేలు కలదు. ఆ పాటల స్వరములు కాగితముపై నిలిచియున్నవి. గొంతు ఎట్లుండెనో, నడక ఎంత వేగమో ఊహించుకొన్న చాలును. శర్మగారికి ఆ కాగితము లేదు.

కనుక వారు కూర్చిన వరుసలు అన్నమయ్య పాడిన వరుసలు కావు. ఈ మాట దాచవలసిన పని లేదు. మరి పాతపాటకు క్రొత్తవరుస కట్టుట న్యాయమా యని మీలో నొకరు అడుగవచ్చును. నా అభిప్రాయము చెప్పెదను. నోరులేని రేకు పూజకు పనికివచ్చును గాని పాటకు పనికిరాదు. అట్లని ఎవరి ఇచ్చవచ్చినట్లు వారు పాడిన మాట విరుగును, అర్థము చెడును. పదము ఎచ్చట ఆగవలెనో, ఏ అక్షరము సాగవలెనో తెలిసిన తెలుగుపండితుడు, అందును కృష్ణప్పగారి శిష్యుడు, ఆ పని చేయుట మన భాగ్యము. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథము వెంట భజన చేయువారిని గమనింపుడు. పల్లవిని ఒకరెత్తుకొనగా పదిమంది అందుకొందురు. మాట నలిగినచో ఆ పదిమంది నోట పదివిధములగును.

జాయప సేనాని సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిని కూడ వారు తెనిగించిరి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారికి సంగీత కళానిధి బిరుదమొసగెను. కచేరీలు చేసి పేరొందిన గాయకులకు తరచుగా దక్కు ఆ గౌరవము ఒక తెలుగు పండితునికి దక్కుట విశేషము.

1979 మార్చి 11వ తేదీన శర్మగారు కీర్తిశేషులైరి. అంతకు ముందటి యేడు, 1978లో, దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొల్పిరి. నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు విద్వాంసులు మరికొన్ని పాటలకు వరుసలు కట్టిరి. అన్నమయ్య ఉత్సవములలో గాయకులు గుంపుగా కూర్చుండి సప్తగిరి సంకీర్తనలను గోష్ఠిగానము చేయుట వాడుకయైనది. శర్మగారి వరుసలను పాడువారు వేలమంది కలరు. ఆ వరుస ఎవరిదో ఎరిగినవారు కొలదిమంది. అది అన్నమయ్యదే యని పలువురు తలంతురు. రేకులలోని పాటలు ఇంకను వేలకొలది స్వరము లేకయే యున్నవి.