యాభై దాటాక మొదలుపెట్టిన ఆడిటరమ్మ

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాసిమ్మని కార్యదర్శి గారు అడిగారు. ప్రకాశం పంతులు గారి గురించీ, పొట్టి శ్రీరాములు గారి గురించీ నాకంటే బాగా రాసేవారు మన సంఘంలోనే ఉన్నారు. అందుకని నేను మనలాంటి ఒక ఉద్యోగిని ఎంచుకున్నాను. ఆమె మన దేశస్థురాలు కాదు. అమెరికాలో ఇన్‌కంటాక్సు శాఖలో ఆడిటరుగా పనిచేసి రిటైరైన మనిషి. పేరు ఆన్ షైబర్. 1995 జనవరిలో, నూటొక్క ఏళ్ల వయసులో పోయింది. బతికినన్నాళ్లూ ఇరుగుపొరుగుకు కూడా సరిగా తెలియని ఆమె పేరు, పోయాక దేశదేశాల పత్రికలకు ఎక్కింది.

1893లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రి స్థిరాస్తి మీద డబ్బు పెట్టి నష్టపోయి, పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగానే పోయాడు. ఇల్లు గడపడం తల్లి మీద పడింది. ఆడపిల్లను చదివించే స్థితి లేదు. ఈమె లెక్కలు రాసే ఉద్యోగంలో చేరి, తన సంపాదనతోనే వాషింగ్టన్‌లో న్యాయశాస్త్రం చదివి, వకీలు పరీక్ష కూడా ప్యాసయింది. అయినా వకీలుగా స్థిరపడలేదు, ప్రభుత్వ కొలువులోనే ఉండిపోయింది.

అక్కడ ఇరవైమూడేళ్ల సర్వీసు. పని బాగా చేస్తుందనే పేరు వచ్చింది గానీ ప్రమోషను మాత్రం ఒక్కటీ రాలేదు. ఆడది కావడం వల్లా, యూదు కావడం వల్లా తనను పక్కన పెట్టారని ఆమె చివరిదాకా నమ్మింది. జీతం ఏడాదికి నాలుగు వేల డాలర్లు ఎన్నడూ దాటలేదు. సీనియారిటీ లిస్టులో పేరు ఉండి కూడా పైకి వెళ్లనివారు మనలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పనక్కరలేదు. నా మటుకు నేను పదిహేడేళ్లు ఒకే సీట్లో కూర్చున్నాను.

అయితే ఆ సీటే ఆమెకు బడి అయింది. రోజూ పెద్దపెద్ద ధనవంతుల రిటర్నులు తనిఖీ చేసేది కదా, ఎవరి డబ్బు ఎక్కడినుంచి వస్తున్నదో కళ్లారా చూసింది. జీతం మీద ధనవంతులైనవారు ఆ కాగితాల్లో దాదాపు కనబడలేదు. మంచి కంపెనీల షేర్లు కొని ఏళ్ల తరబడి అట్టే పెట్టుకున్నవారే కనబడ్డారు.

ఇంత తెలిసీ మొదటిసారి దెబ్బతిన్నది. 1930లలో, తను కూడబెట్టినదంతా షేర్ల వ్యాపారంలో కొత్తగా దిగిన తమ్ముడి చేతిలో పెట్టింది. తమ్ముడు మంచి షేర్లే కొన్నాడంటారు. కాని అతను పనిచేసే బ్రోకరు సంస్థే దివాలా తీసింది. ఈమె సొమ్ము చాలా వరకు పోయింది. తమ్ముడితో ఆమెకు మళ్లీ సరిగా కలిసిరాలేదు.

ఈ సంగతి నేను 1997లో ఒక పత్రికలో చదివినప్పుడు కాసేపు పేజీ తిప్పలేకపోయాను. అంతకు ముందు ఏడాదే నేను 24,000 రూపాయలు పోగొట్టుకుని ఉన్నాను. నెలకు రెండు రూపాయల వడ్డీ ఇస్తామన్న ఒక ఫైనాన్సు కంపెనీలో, బావమరిది మాట మీద వేశాను. ఒక సోమవారం పొద్దున వెళితే బోర్డు కూడా లేదు. అప్పుడు నాకు నలభైయేడు. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. జి.పి.ఎఫ్.లో అప్పటికే రెండుసార్లు అప్పు తీసుకుని ఉన్నాను. ఇక మళ్లీ కూడబెట్టే వయసు దాటిపోయిందనే అనుకుంటున్నాను.

ఆమె 1944 నాటికి రిటైరైంది. వయసు యాభై దాటింది. పెన్షను ఏడాదికి 3,100 డాలర్ల దాకా వచ్చేది. చేతిలో ఉన్నది 5,000 డాలర్లు. అంతకంటే కొంత ఎక్కువే ఉండి ఉండవచ్చునని తరువాత ఆమె పాత రిటర్నులు చూసినవారు అన్నారు. ఏదైనా పెద్ద మొత్తం కాదు. ఈసారి ఎవరి చేతికీ ఇవ్వలేదు. తనే చదివి, తనే లెక్కగట్టి కొన్నది. సినిమాలంటే ఇష్టం గనుక సినిమా కంపెనీల షేర్లు, అందరూ తాగే కోకాకోలా, పెప్సీ, మందుల కంపెనీలు, ఇలా తనకు అర్థమయ్యేవే కొనేది. న్యూయార్కులో వాటాదార్ల సమావేశం ఎక్కడ జరిగినా వెళ్లి, అధికారులను ప్రశ్నలు అడిగి, జవాబులు నోటుపుస్తకంలో రాసుకునేది. అక్కడ పెట్టిన ఫలహారం కొంత సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేదని కూడా చెబుతారు. పెన్షనుతోనే తిని, డివిడెండ్లు ముట్టుకోకుండా మళ్లీ షేర్లలోనే పెట్టేది.

1950లో షెరింగ్ అనే మందుల కంపెనీవి వెయ్యి షేర్లు సుమారు పది వేల డాలర్లకు కొన్నది. ఆ కంపెనీ షేర్లను విడగొడుతూ పోగా అవి 64,000 అయ్యాయి. చివరికి వాటి విలువే 38 లక్షల డాలర్లు. మధ్యలో 1973, 74 సంవత్సరాల్లో అమెరికా షేర్ల ధరలు ఇంచుమించు సగానికి పడిపోయాయి. అందరూ భయపడి అమ్ముకుంటుంటే ఈమె కదలలేదు. అమ్మితే బ్రోకరుకు కమీషను, సర్కారుకు పన్ను కట్టాలి. పన్ను శాఖలో పనిచేసినావిడకు ఆ లెక్క ఒకరు చెప్పాలా? వయసు మీరాక కొంత సొమ్మును పన్ను లేని మునిసిపల్ బాండ్లలోకి మార్చింది. ఆఖరి రోజుల్లో డివిడెండ్లు, వడ్డీ కలిపి ఏడాదికి ఏడున్నర లక్షల డాలర్లు వచ్చేవట.

పోయేనాటికి ఆస్తి రెండు కోట్ల ఇరవై లక్షల డాలర్లు. దాదాపు అంతా యెషీవా విశ్వవిద్యాలయంలో చదివే ఆడపిల్లల స్కాలర్‌షిప్పులకు రాసింది. ఆమె అక్కడ చదవలేదు. విల్లు సంగతి వకీలు చెప్పేదాకా అక్కడివారు ఆమె పేరైనా వినలేదు. తనకు దొరకని ప్రమోషను ఆ పిల్లలకు ఇచ్చిందని నాకనిపిస్తుంది.

ఈ కథ చెప్పి, మన కుర్రవాళ్లను షేర్లలోకి దిగమనడం నా ఉద్దేశం కాదు. ఆమెకు రిటైరయ్యాక యాభై ఏళ్లు ఆయుష్షు దొరికింది. అది ఏ బ్రోకరూ అమ్మడు. అమెరికా కంపెనీలు బాగా పెరిగిన కాలం కూడా అదే. పైగా ఆమె బతికిన తీరు నాకు నచ్చదు. పెళ్లి లేదు, స్నేహితులు లేరు. పెచ్చులూడే ఒక్క గది ఇంట్లో, ఏళ్ల తరబడి అదే నల్లకోటుతో గడిపింది. ఎక్కడికైనా నడిచే వెళ్లేది. అంత సొమ్ములో తనకోసం ఒక మంచి కుర్చీ అయినా కొనుక్కోలేదు.

అయినా ఆ పత్రిక చదివిన నెలలోనే నేను హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి పి.పి.ఎఫ్. ఖాతా తెరిచాను. అప్పట్లో వడ్డీ పన్నెండు శాతం. నెలకు 500, పెద్దవాడికి ఉద్యోగం వచ్చాక 1,000. బావమరిదితో ఆ డబ్బు మాట ఎత్తలేదు, అతనిదీ పోయింది పాపం. 2008లో రిటైరయ్యాక కూడా పెన్షనులోంచి కట్టాను. వడ్డీ తగ్గుతూ వచ్చినా మానలేదు. 2013లో చేతికొచ్చింది మూడు లక్షలకు దగ్గరగా.

ఆ డబ్బులో కొంతతో మా ఆవిడా నేనూ కాశీ వెళ్లాం. వెళ్లేటప్పుడు స్లీపరులో వెళ్లాం. తిరుగు ప్రయాణానికైనా ఏ.సి. టిక్కెట్టు తీయమని ఆవిడ అడిగితే, ఎందుకు దండగ అని నేను కసురుకున్నాను. రాత్రి సత్రంలో పడుకున్నాక ఆ నల్లకోటు ఆవిడ గుర్తుకొచ్చింది. పొద్దున్నే స్టేషనుకు వెళ్లి రెండు టిక్కెట్లూ మార్పించుకొచ్చాను.