సత్యభామ వేరు, మధురవాణి వేరు
స్త్రీ పాత్రలకు ప్రాణం పోసిన స్థానం నరసింహారావు

బాపట్ల: అది 1920వ సంవత్సరం. బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడవలసి ఉండగా చంద్రమతి వేషధారి రాలేదు. చంద్రమతి లేనిదే కాటిసీను లేదు, కాటిసీను లేనిదే హరిశ్చంద్ర లేదు. ఆ లోటు తీర్చడానికి 20 ఏళ్లయినా నిండని ఒక స్థానిక యువకుడు చీర కట్టి రంగం మీదికి వచ్చాడు. ఆయనే స్థానం నరసింహారావు. ఆ పూటకని కట్టిన వేషం సుమారు 40 ఏళ్లపాటు ఆయనను వదలలేదు.

స్థానం వారు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో జన్మించారు. తెనాలి శ్రీరామ విలాస సభలో చేరిన తరువాత ఆయన పేరు ఆంధ్రదేశమంతటా మారుమోగింది.

ఆ రోజుల్లో సురభి వంటి కుటుంబ నాటక సమాజాలలో తప్ప ఆడవేషాలు సాధారణంగా మగవారే కట్టేవారు. ముఖానికి అర్దళం పూసి, సవరం పెట్టి, చీర చుట్టబెడితే వేషం తయారు. కాని ఆడది తయారయ్యేది కాదు. చెయ్యి మొరటుగా ఊగినా, గొంతులో మగతనం తొంగి చూసినా నేల టిక్కెట్టు జనంలో ఎవడో ఒకడు కిసుక్కున నవ్వేవాడు. ఆ ఒక్క నవ్వుతో అంతవరకు పండిన నాటకం నవ్వులపాలయ్యేది. స్త్రీ పాత్రధారికి ప్రతి రాత్రీ అది పరీక్షే.

స్థానం వారు ఆ పరీక్షకు అద్దం ముందు కూర్చోకముందే సిద్ధమయ్యేవారు. ముందు పాత్ర, తరువాతే పౌడరు. ఆయన ధరించిన సత్యభామ, చిత్రాంగి, చింతామణి, దేవదేవి, రోషనార అందరూ అందగత్తెలే. ఏమరుపాటున ఉంటే అయిదు పాత్రలూ ఒకే మూసలో పోసినట్లు తయారవుతాయి. చిత్రాంగి మహారాణి, సారంగధరుని మీది మోహం పగగా మారిన మనిషి. చింతామణి వేశ్య, కాని లోపల మనస్సాక్షి మేలుకున్నది. రోషనార మొగలు రాజవంశపు స్త్రీ. కట్టూ బొట్టూ మార్చినంత మాత్రాన ఒకరు మరొకరు కారు. నడక మారాలి, చూపు మారాలి, కొంగు సర్దుకునే తీరు కూడా మారాలి. ఆ తేడా తెలిసిన నటుడు కనుకనే ఒక పాత్రలో ఆయనను చూసినవారు ఇంకో పాత్రకూ బండ్లు కట్టుకుని వెళ్లేవారు.

ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ పాత్ర ఆయన కీర్తికి పరాకాష్ఠ. భర్తను నారదునికి దానమిచ్చి, త్రాసులో నగలన్నీ కుమ్మరించినా సరితూగక ఓడిపోయే స్త్రీ ఆమె. ఆ ఓటమి చూసేవారి గుండెకు తగలాలంటే ముందు ఆమె గర్వం ఆకాశాన్ని అంటాలి. కృష్ణుడు తన మాట దాటలేడన్న ఆ అతిశయాన్ని చూపడానికి స్థానం వారే ఒక పాట రాసుకున్నారు. అదే మీరజాలగలడా. నాటకకర్త ఇచ్చిన సంభాషణలు వల్లించి ఊరుకునే నటుడైతే ఆ పాట పుట్టేది కాదు. తన పాత్రకు ఎక్కడ ఏమి కావాలో తెలిసినవాడికే అది సాధ్యం.

కన్యాశుల్కంలో మధురవాణి పాత్ర ఇంకో రకం పరీక్ష. గురజాడవారి నాటకం వాడుక భాషలో నడుస్తుంది. పద్యం ఎత్తుకుని వన్స్‌మోర్ కొట్టించుకునే వీలు లేదు. మాట విరుపులోనే అంతా చూపాలి. పైగా చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఇక్కడే ఉంది చిక్కు. మగవాడు ఆడదయ్యాడు; ఆ ఆడది మళ్లీ మగవేషం కట్టింది. చీర విప్పి తన సొంత బట్టల్లో నిలబడినంత సులువు కదా అనుకుంటే పొరపాటు. పంతులుకు మగవాడుగా కనపడాలి, ప్రేక్షకుడికి మాత్రం మధురవాణి గానే కనపడాలి. చీర, సవరం, గాజులు ఏవీ సాయం రాని ఆ ఘట్టంలో ఆడతనమంతా నటుడి లోపలినుంచే రావాలి.

1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ బిరుదునిచ్చింది. అప్పటికి ఆయనకు 50 దాటాయి. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. తన నట జీవితానుభవాలను నటస్థానం అనే గ్రంథంగా రాశారు.

ఈలోగా కాలం మారింది. 1955లో వచ్చిన కన్యాశుల్కం సినిమాలో మధురవాణి సావిత్రి. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ జమున. స్థానం వారు తన వేషం కోసం రాసుకున్న పాటను అందులో సుశీల పాడారు. అప్పటికి ఆయన జీవించే ఉన్నారు. 1971 ఫిబ్రవరి 21న కన్నుమూశారు.