డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి

ప్రశ్న అడుగుట సులభమని పలువురు తలంతురు. కాని అడుగవలసిన చోట, అడుగవలసిన వారిని, జవాబు చెప్పక తప్పని రీతిని అడుగుట మిక్కిలి కష్టము. నోరులేని వారి పక్షమున నిలిచి అట్టి ప్రశ్నలను చెన్నపురి శాసనసభలో అడిగిన ప్రథమ మహిళ డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి. ఆమె పుట్టి పెరిగినది తమిళసీమ. అయినను ఆమె కూర్చున్న సభ తమిళులది మాత్రమే కాదు. ఆంధ్ర జిల్లాలు, మలబారు, దక్షిణ కన్నడము అన్నియు ఆనాడు ఆ సభకే లోబడియుండెను. మన జవళగిరి ప్రాంతము అప్పుడు సేలము జిల్లా హోసూరు తాలూకాలో నుండెను. కావున ఆమె చేయించిన శాసనములు మన తాతముత్తాతల గ్రామములకును వర్తించినవి. ఆమె చరిత్ర మన బాలబాలికలు తెలిసికొనదగినది.

ముత్తులక్ష్మి 1886వ సంవత్సరము జూలై 30వ తేదీన పుదుక్కోట సంస్థానమున జన్మించెను. తండ్రి నారాయణస్వామి అయ్యరు విద్యాధికుడు, కళాశాలాధ్యక్షుడు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబమునకు చెందినది. అట్టి వివాహమును ఆనాటి సంఘము మన్నింపలేదు. తల్లి కులమునుబట్టి బిడ్డను తక్కువగ చూచు లోకమున ఆ బాలిక పెరిగెను. ఈడు వచ్చిన ఆడపిల్లను బడి మాన్పించుట ఆ కాలపు ఆచారము. ముత్తులక్ష్మి ఇంటనే చదువుకొని 1902లో మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థురాలయ్యెను.

ఆపై చదువునకు ఆ ఊర నున్నది మగపిల్లల కళాశాల యొక్కటే. ఆమెను చేర్చుకొనరాదని పలువురు అభ్యంతరము చెప్పిరి. పుదుక్కోట మహారాజు ఆ మాటలను త్రోసిపుచ్చి, ఆమెకు ప్రవేశము దయచేసెను. తరగతిలో ఆమెకును మగపిల్లలకును నడుమ తెర కట్టిరి. ఆ తెర చాటుననే కూర్చుండి ఆమె పాఠములు వినెను. 1907లో చెన్నపురి వైద్యకళాశాలలో చేరి, 1912లో పట్టము పొందెను. అనంతరము ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీల ఆసుపత్రిలో హౌసు సర్జనుగ పనిచేసెను. ఆ పదవి అంతకుముందు ఏ భారతీయ స్త్రీకిని లభింపలేదు.

1914లో ఆమె డాక్టర్ సుందరరెడ్డిని వివాహమాడెను. తనను సమానురాలిగ గౌరవింపవలెననియు, తాను తలపెట్టిన కార్యములకు అడ్డు చెప్పరాదనియు ఆమె ముందుగనే నియమము విధించెను. ఆయన సమ్మతించి, తుదవరకు ఆ మాట నిలుపుకొనెను. కొంతకాలమునకు ఆమె చెల్లెలు పుట్టకురుపు వ్యాధి వలన మరణించెను. వైద్యులు మొదట ఆ వ్యాధిని వేరొకటిగ భ్రమించిరి. గుర్తించునప్పటికి కాలము మించిపోయెను. ఆ దుఃఖము ఆమె హృదయమున ఒక సంకల్పముగ నిలిచిపోయెను.

1925లో ఆమె స్త్రీల, శిశువుల వ్యాధులను గూర్చి విశేష విద్య నభ్యసించుటకు ఇంగ్లండు వెళ్ళెను. 1926లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ మహిళా మహాసభకు ప్రతినిధిగ హాజరయ్యెను. స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట భారత మహిళా సంఘము వారి సిఫారసుపై ఆమె శాసనసభకు నియుక్తురాలయ్యెను. 1927లో సభ్యులు ఏకగ్రీవముగ ఆమెను ఉపాధ్యక్షురాలిగ నెన్నుకొనిరి. బ్రిటిషు ఇండియాలో శాసనసభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆ సభలో ఆమె వైద్యురాలి కన్నులతోనే సంఘమును చూచెను. రోగము దేహమునుండి మాత్రమే పుట్టదు, దారిద్ర్యమునుండియు దురాచారమునుండియు పుట్టునని ఆమె యెరుగును. బడిపిల్లలకు వైద్యపరీక్ష జరుగవలెనని ఆమె కోరెను. స్త్రీలకును శిశువులకును ప్రత్యేక వైద్యశాల కావలెనని వాదించెను. బీద బాలికలకు ఎనిమిదవ తరగతివరకు జీతము తీసివేయవలెనని పట్టుబట్టెను. పసిప్రాయమున తల్లులగుటచే బాలికలు ప్రసవములలో మరణించుట ఆమె కన్నులార చూచినది. అందువలన పెండ్లియీడు ఆడపిల్లకు 16, మగపిల్లవానికి 21 ఏండ్లుగ నుండవలెనని ప్రతిపాదించెను. 1929లో కేంద్రసభ చేసిన శారదా చట్టము 14, 18 ఏండ్లు మాత్రమే విధించెను.

1928లో హార్టాగు దొర అధ్యక్షతన దేశమందలి విద్యాస్థితిని విచారించుటకు ఒక సంఘము ఏర్పడెను. అందలి సభ్యులలో స్త్రీ ముత్తులక్ష్మి యొక్కతెయే. 1929లో వెలువడిన ఆ సంఘపు నివేదిక యొక కఠోరసత్యమును బయటపెట్టెను. 1922–23లో ఒకటవ తరగతిలో చేరిన ప్రతి 100 మంది పిల్లలలో 1925–26లో నాలుగవ తరగతి చదువుచున్నవారు 18 మంది మాత్రమే! తక్కిన 82 మంది ఏమైరి? కొందరు అదే తరగతిలో నిలిచిపోయిరి. కొందరు బడి మానిరి. కావున విద్యావ్యాప్తికి చేయు ప్రతి ప్రయత్నమునందును బాలికల విద్యకు ముందు స్థానమీయవలెనని ఆ సంఘము సిఫారసు చేసెను.

ఆమె పేరును చిరస్థాయి చేసిన కార్యము దేవదాసీ వ్యవస్థా నిర్మూలనము. పసిబాలికలను ఆలయములకు సమర్పించి, వారికి వివాహమును గృహజీవితమును లేకుండ జేయు ఆచారమది. తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను నిరసించి, ఈ విషయమున చాల ముందుగనే మేలుకొలుపు పాడిరి. అయినను ఆచారము పోలేదు. దానికి వేరు ఎచట నున్నదో ముత్తులక్ష్మి కనిపెట్టెను. ఆలయసేవకుగాను ఆ కుటుంబములకు ఇనాము భూములుండెను. సేవ ఆగినచో భూమి పోవును. భూమి నిలువవలెనన్న ప్రతి తరమునను ఒక బాలికను సమర్పింపవలెను. ఆకలి భయమే ఆచారమును కాపాడుచుండెను. ఈ ముడిని విప్పుటకు ఆమె 1929లో హిందూ దేవాదాయ చట్టమునకు సవరణ చేయించెను. సేవ మానినను, ఆలయమునకు కట్టుబడి చెల్లించుచు భూమిని వారే అనుభవింపవచ్చునని ఆ సవరణ యేర్పరచెను.

పిమ్మట 1930లో బాలికల సమర్పణమునే నిషేధించు బిల్లును ఆమె ప్రవేశపెట్టెను. సత్యమూర్తి వంటి ప్రముఖులు దానిని వ్యతిరేకించిరి. జీవనమును కళయు నశించునని దేవదాసీలలోనే కొందరు మొరపెట్టుకొనిరి. ఆ మొరలో సత్యము లేకపోలేదు. కాని తనకై తాను నిర్ణయించుకొనలేని పసిపిల్లను అప్పగించు హక్కు ఎవరికిని లేదని ఆమె వాదము. తన తల్లి పుట్టుక తెలిసిన లోకము ఎదుట నిలిచి ఈ వాదము చేయుటకు ఎంత ధైర్యము కావలెనో చదువరులు ఊహింతురు గాక. అదే సంవత్సరము గాంధీమహాత్ముని నిర్బంధించినందులకు నిరసనగ ఆమె సభ్యత్వమును త్యజించెను. బిల్లు నిలిచిపోయెను. 17 ఏండ్ల తరువాత, 1947లో గాని ఆ శాసనము సిద్ధింపలేదు.

పదవి విడిచినను పని విడువలేదు. 1930లోనే, దేవదాసీ కుటుంబములనుండి తప్పించుకొని వచ్చిన బాలికలు ఆమె యింటి తలుపు తట్టిరి. వారికి తన యింటనే చోటిచ్చెను. అట్లు మొదలైన అవ్వై గృహము అనాథ బాలికలకు విద్యాలయమై అడయారున వర్ధిల్లెను. చెల్లెలి మరణమునాటి సంకల్పమును ఆమె మరువలేదు. పుట్టకురుపునకు ప్రత్యేక వైద్యశాల యెందుకని పలువురు నిరుత్సాహపరచినను, ఏండ్ల తరబడి విరాళములు సేకరించెను. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేయగా, 1954లో అడయారు క్యాన్సర్ ఆసుపత్రి 12 పడకలతో ప్రారంభమయ్యెను. 1956లో ఆమెకు పద్మభూషణ బిరుదము లభించెను. 1968 జూలై 22న ఆమె పరమపదించెను. తమిళనాట పేద గర్భిణులకు ప్రభుత్వమిచ్చు సహాయము ఆమె పేరనే నడచుచున్నది. 2019నుండి ఆమె జన్మదినమును ప్రభుత్వ వైద్యశాలలలో ఉత్సవముగ జరుపుచున్నారు.

విద్యార్థినీ విద్యార్థులారా! ముత్తులక్ష్మికి ధనబలము లేదు, కులబలము లేదు, సభలో తోడుగ నిలువ మరియొక స్త్రీయు లేదు. చదువొక్కటే ఆమెకు బలము. ఆ చదువును ఆమె తన సుఖమునకు మాత్రమే వినియోగించుకొనలేదు. తెర చాటున కూర్చుండబెట్టిన బాలిక, తెర వెనుక నున్న వేలమంది పక్షమున నిండుసభలో మాటలాడెను. తల్లిదండ్రులకు ఒక విన్నపము: మన పల్లెలలో బడి మానిన ప్రతి ఆడపిల్లయు నాటి 82 మందిలో ఒకతె. ఆమెను తిరిగి బడికి పంపుటకంటె ఈ మహనీయురాలికి మనము చేయదగిన వేరొక పూజ లేదు.